‘హీ కేమ్ ఆఫ్టర్ మీ’: ఒక చిన్న మాట తెచ్చిన తంటా

ఆమె మొదటిరోజు నోట్‌బుక్ కూడా తెచ్చుకోలేదు. ఫోన్‌లో ఒక మెయిల్ తెరిచి నా ముందు పెట్టి, "ఇందులో నా తప్పేంటో చెప్పండి సార్, ఫీజు ఎంతైనా కడతా" అంది. అమీర్‌పేటలో సాయంత్రం ఇంగ్లీషు బ్యాచ్‌లు చెప్పేవాడి దగ్గరికి సాధారణంగా ఇంటర్వ్యూ భయంతో వస్తారు, లేదా గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలక వస్తారు. ఒక్క వాక్యం పట్టుకుని వచ్చినవాళ్ళు నాకు అంతకుముందు తగల్లేదు.

ఆమెది కరీంనగర్ వైపు ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంటర్, బీటెక్. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. క్లయింట్ అమెరికాలో ఉంటాడు, కాబట్టి రాత్రి ఎనిమిదిన్నరకి రోజూ కాల్. ఇంగ్లీషు రాని మనిషి అనుకోవద్దు. మెయిళ్ళు శుభ్రంగా రాస్తుంది, బగ్ రిపోర్టుల్లో వ్యాకరణ దోషాలు వెతికినా దొరకవు.

జరిగింది ఇదీ. టీమ్‌కి కొత్త లీడ్, అంటే టీమ్‌ని నడిపించేవాడు, వచ్చాడు. కాల్ మొదలవడానికి ముందు పిచ్చాపాటీలో క్లయింట్ వైపు మేనేజర్ అడిగాడు: "హౌ ఆర్ థింగ్స్ విత్ యువర్ న్యూ లీడ్?" ఈమె చెప్పదలచుకున్నది, ఆయన నాకంటే తర్వాత చేరాడు, మొదట్లో కొంచెం తికమక ఉండేది, ఇప్పుడేం ఇబ్బంది లేదు అని. నోటి నుంచి వచ్చింది మాత్రం ఇది: "హీ కేమ్ ఆఫ్టర్ మీ, బట్ నో ప్రాబ్లమ్ నౌ."

అవతల కొన్ని క్షణాలు ఎవరూ మాట్లాడలేదట. తర్వాత ఆ మేనేజర్ "ఆర్ యూ ఓకే?" అన్నాడట. ఈమె హుషారుగా "ఎస్ ఎస్, ఐయామ్ ఓకే" అంది. మర్నాడు పొద్దున్నే హైదరాబాద్ మేనేజర్‌కి మెయిల్ వచ్చింది. మీ టీమ్‌లో ఇద్దరి మధ్య ఏదైనా సమస్య ఉందా, ఆ అమ్మాయి ఇబ్బంది పడుతోందా అని చాలా మర్యాదగా, చాలా జాగ్రత్తగా అడిగారు. ఆ మెయిల్‌నే ఆమె నాకు చూపించింది.

ఇంగ్లీషు పుట్టినింట విన్నవాడి చెవిలో ఆ వాక్యం ఏమైందో తెలుగులో చెప్పాలంటే: "వాడు నా మీద పడ్డాడు, నన్ను వదల్లేదు, ఇప్పుడైతే ఫర్వాలేదు." చివర్లో ఆమె సర్దిచెప్పినట్టు కలిపిన ‘నో ప్రాబ్లమ్ నౌ’ అసలు కొంప ముంచింది. అది లేకపోతే విన్నవాడు ‘తర్వాత చేరాడు కాబోలు’ అని సరిపెట్టుకునేవాడేమో. ఇప్పుడు ఇబ్బంది లేదంటే మొన్నటిదాకా ఉందనేగా అర్థం!

లీడ్‌కి ఈ సంగతి తెలిసి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మధ్యలో నలిగిపోయి, ఆ టెన్షన్‌లో నా దగ్గరికి వచ్చింది.

మొదట చూసింది

నేను ముందుగా పాఠం చెప్పను. ‘ఆఫ్టర్’ ఉన్న ఓ డజను వాక్యాలు కాగితం మీద రాసిచ్చి, ఆలోచించకుండా తెలుగులో చెప్పమన్నాను. "ఆఫ్టర్ లంచ్ వియ్ మెట్" లాంటివి మంచినీళ్ళ ప్రాయంగా చెప్పేసింది. "ది డాగ్ కేమ్ ఆఫ్టర్ మీ" దగ్గర "కుక్క నా తర్వాత వచ్చింది" అంది. అని, తనే ఆగి నవ్వింది. "షీ టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్" అంటే "అమ్మ తీసుకున్నాక తను తీసుకుంటుంది" అంది. ఏం తీసుకుంటుందమ్మా అని అడిగితే "అన్నమేమో సార్". అసలర్థం, అమ్మ పోలిక అని. "యువరాజ్ వెంట్ ఆఫ్టర్ బ్రాడ్" అనే వాక్యానికి "బ్రాడ్ అయ్యాక యువరాజ్ వెళ్ళాడు" అని చెప్పి, ఎక్కడికి వెళ్ళాడో అర్థంకాక నా ముఖం చూసింది. "లుక్ ఆఫ్టర్" ఒక్కటి సరిగ్గా చెప్పింది, ఎందుకంటే అది ఎనిమిదో తరగతిలోనే బట్టీ పట్టించారు.

అంటే లోపం ఎక్కడుందో తేలిపోయింది. ఆమె బుర్రలో ఆఫ్టర్ అంటే ‘తర్వాత’. ఒక్కటే గది, ఒక్కటే తలుపు. ఆ మాట ఎక్కడ కనిపించినా నేరుగా గడియారం దగ్గరికి వెళ్తోంది.

ఇది ఆమె ఒక్కదాని సంగతి కాదు. మన బడుల్లో ఆఫ్టర్, బిఫోర్ అనే మాటల్ని జంటగా నేర్పుతారు, తర్వాత, ముందు అని. అప్పుడే మేకు దిగిపోతుంది. నిజానికి పాత ఇంగ్లీషు కాలం నుంచీ ఆఫ్టర్‌కి ‘వెనకాల’ అనే అర్థం ఉంది. "క్లోజ్ ది డోర్ ఆఫ్టర్ యూ" అన్నప్పుడు ఇప్పటికీ ఆ వాసన తగులుతుంది. ఎవరి వెనకాల నడిచేవాడు వాళ్ళకంటే తర్వాతే చేరతాడు కదా, అలా చోటు నుంచి కాలానికి అర్థం జరిగింది. మనకీ ఇది కొత్త కాదు. "నా వెనకాలే వచ్చాడు" అంటే నా వెంటే నడిచి వచ్చాడనీ అనుకోవచ్చు, నేను వచ్చిన కాసేపటికే వచ్చాడనీ అనుకోవచ్చు. తెలుగులో మనం ఏ ఇబ్బందీ పడకుండా వాడే ఈ రెండర్థాల మాటని ఇంగ్లీషులో మాత్రం ఒంటికన్నుతో చూస్తున్నాం.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా నిర్వాకం కూడా చెప్పాలి, లేకపోతే ఈ కేసు సగమే చెప్పినట్టు.

రెండో రోజు, ఏళ్ళుగా చేస్తున్న పనే చేశాను. బోర్డు మీద ‘గో ఆఫ్టర్ = పర్స్యూ’, అంటే వెంటాడటం, అని రాశాను. పరీక్షల పుస్తకాలన్నిటిలోనూ అలాగే ఉంటుంది, నా నోట్సులోనూ అలాగే ఉంది. ఆమె రాసుకుంది. వారం తిరక్కుండా తన ప్రొఫైల్‌లో మార్పు చేసి నాకు లింక్ పంపింది, మెచ్చుకుంటానని. దూరవిద్యలో ఎంబీఏ చేస్తోంది లెండి. అక్కడ "ఐయామ్ గోయింగ్ ఆఫ్టర్ ఎంబీఏ" అని ఉంది.

తప్పు ఆమెది కాదు. మన దేశంలో సీవీ రాసే ప్రతివాడూ "పర్స్యూయింగ్ బీటెక్" అని రాస్తాడు. ఇక్కడ ఆ మాటకి ‘చదువుతున్నాను’ అని తప్ప ఏ అర్థమూ మిగల్లేదు, వేట లేదు, తపన లేదు. నేనేమో పర్స్యూకి బదులు గో ఆఫ్టర్ పెట్టుకోవచ్చని చెప్పాను. ఆమె పెట్టుకుంది. లెక్క ప్రకారం రైటే!

కానీ గో ఆఫ్టర్ అనాలంటే ఆ వస్తువు ఇంకా చేతికి రాకూడదు. సీటు కోసం ప్రయత్నిస్తుంటే "గోయింగ్ ఆఫ్టర్ ఏ సీట్" అనొచ్చు. ఫీజు కట్టి, పుస్తకాలు కొని, అసైన్‌మెంట్లు రాస్తున్నవాళ్ళు దేని వెంట పడుతున్నట్టు? పైగా పర్స్యూ ఫ్రెంచి దారిలో వచ్చిన పెద్దింటి మాట, దాని మూలం లాటిన్. కోర్టులో దావా వేయడానికి వాడే ‘స్యూ’ కూడా ఆ కుదురుదే. గో ఆఫ్టర్ వాకిట్లో తిరిగే మాట. అర్థం ఒకటే అయినా రెంటినీ ఒకే పీట మీద కూర్చోబెట్టలేం.

ఇంగ్లీషు మాటకి ఇంగ్లీషు మాటే అర్థంగా ఇవ్వడం మాని తెలుగులోకి దిగాల్సి వచ్చింది.

వెంట వెళ్ళడం, వెంట పడటం

మూడో క్లాసులో ఇంగ్లీషు పక్కన పెట్టి అడిగాను: "వెంట వెళ్ళాడు, వెంట పడ్డాడు. ఈ రెంటికీ తేడా ఏంటి?"

"మొదటిదంటే తోడు వెళ్ళాడని. రెండోదంటే..." ఆగింది. "రెండోది మంచి మాట కాదు సార్."

ఎందుకు కాదో తర్వాత చూద్దాం. ముందు మాట నిర్మాణం చూడమన్నాను. రెంటిలోనూ ‘వెంట’ ఉంది. మారింది క్రియ. వెళ్ళు తీసి పడు పెట్టగానే తోడు కాస్తా తరుముడు అయిపోయింది. పోనీ ఇక్కడ ఎవరైనా కింద పడ్డారా? లేదు. బయటపడటం, ఎగబడటం, మీదపడటం, వీటిలో ఎక్కడా కాలుజారి పడటం లేదు. ‘పడు’ తన సొంత అర్థం వదిలేసి పక్కమాటతో కలిసి కొత్త అర్థం ఇస్తోంది. ఇంగ్లీషువాళ్ళ ఫ్రేజల్ వెర్బ్ అనగానే మనం బెదిరిపోతాం కానీ మన ఇంట్లో ఈ సరుకు బస్తాల కొద్దీ ఉంది.

ఇప్పుడు ఇంగ్లీషు వైపు చూస్తే, వెంట వెళ్ళడం ‘గో విత్’. వెంట పడటం ‘గో ఆఫ్టర్’. అక్కడ క్రియ కదల్లేదు, గో అలాగే ఉంది. మారింది దాని తోక.

ఈ ఒక్క ముక్క దగ్గర ఆమె పెన్ను కింద పెట్టి, "అంటే మనం వెర్బ్ వింటున్నాం, వాళ్ళు వెనక ముక్క వింటున్నారు" అంది. నేను పదిహేనేళ్ళుగా చెబుతున్న విషయాన్ని ఇంత పొట్టిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. తెలుగులో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, అసలు కథంతా అక్కడే తేలుతుంది, మన చెవి దానికే అలవాటు పడింది. అందుకే ఇంగ్లీషు వాక్యంలో ‘కేమ్’ వినగానే ‘వచ్చాడు’ అని మన పని అయిపోతుంది. ఆ వెనక వచ్చే ఆఫ్టర్ మన లెక్కలో చిల్లర. వాళ్ళకి అదే నోటు.

ఆమె ఇంకో మాట ఎత్తింది, నేను ఊహించనిది. వాళ్ళింట్లో చర్చికి వెళ్తారు. "సార్, మా బైబిల్లో ‘నన్ను వెంబడించుము’ అని యేసు ప్రభువు అంటాడు. అది ఫాలో కదా. మరి పేపర్లో ‘దొంగను వెంబడించి పట్టుకున్న పోలీసులు’ అని రాస్తారు. గో ఆఫ్టర్‌కి వెంబడించడం అని రాసుకోవచ్చా?" రాసుకోవద్దన్నాను. ఆ మాట రెండు పడవల మీదా ఉంది. శిష్యుడు వెంబడించడంలో పట్టుకునే ఉద్దేశం లేదు. గో ఆఫ్టర్‌లో ఆ ఉద్దేశమే ప్రాణం. ఫాలో చేసేవాడు దూరం అలాగే ఉంచుకుంటాడు, గో ఆఫ్టర్ అయ్యేవాడు దూరం తగ్గించాలని చూస్తాడు.

మరి ‘వెంటపడటం’ అని రాసుకోవచ్చా? ఆమెకి నచ్చలేదు, కారణం ఉంది. మన దగ్గర ఆ మాట వినగానే కాలేజీ గేటు దగ్గర కాపుకాసే పోకిరీలే గుర్తొస్తారు. వద్దన్నా అలా వెంటపడటం స్టాకింగ్ అనే నేరంగా 2013లో శిక్షాస్మృతిలోకి ఎక్కింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. కానీ అదే మాటని మనం ఇంట్లో హాయిగా వాడతాం. "నెల రోజులు వెంటపడితే గానీ బాకీ తీర్చలేదు", "పిల్లాడి వెంటపడి తినిపించాలి". మాట చెడ్డది కాదు, ఎవరు ఎవరి వెంట ఎందుకు పడ్డారన్నదాన్ని బట్టి దానికి రంగు వస్తుంది. ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది కాబట్టి నాకు అదే మాట పనికొచ్చింది.

కాలమా, వేటా?

అర్థం తెలిసినంత మాత్రాన కాల్‌లో పనికిరాదు. అక్కడ ఆలోచించే టైమ్ ఉండదు. కాబట్టి వాక్యం విన్న వెంటనే వేసుకునే ప్రశ్న ఒకటి కావాలి. నేనిచ్చింది ఇది: ఆ ముక్క ‘ఎప్పుడు’ అనే ప్రశ్నకి జవాబా, ‘ఎవరిని, దేన్ని’ అనే ప్రశ్నకి జవాబా? "ది పోలీస్ వెంట్ ఆఫ్టర్ ది యాక్సిడెంట్". ఎప్పుడు వెళ్ళారు? యాక్సిడెంట్ అయ్యాక. కాలం. "ది పోలీస్ వెంట్ ఆఫ్టర్ ది డ్రైవర్". ఎప్పుడు అని అడిగితే జవాబు కుదరదు, ఎవరిని అంటే కుదురుతుంది. వేట.

రాసేటప్పుడైతే ఇంకో పరీక్ష ఉంది. కాలాన్ని చెప్పే ముక్కని ఎత్తి వాక్యం మొదట పెట్టొచ్చు: "ఆఫ్టర్ ది యాక్సిడెంట్, ది పోలీస్ వెంట్ దేర్". డ్రైవర్ వాక్యాన్ని అలా తిప్పితే మామూలు మాటల్లో నిలబడదు. వేట అర్థంలో వెంట్, ఆఫ్టర్ ఒకదాన్నొకటి వదలవు. మధ్యలో మనిషిని దూర్చడానికీ ఒప్పుకోవు, "గో హిమ్ ఆఫ్టర్" అనేది లేదు. పట్టుకునేదాకా వెతకడాన్ని చెప్పే ‘ట్రాక్ డౌన్’ దీనికి పూర్తిగా తలకిందులు, అక్కడ "ట్రాక్ హిమ్ డౌన్" అనే అనాలి, "ట్రాక్ డౌన్ హిమ్" అంటే తప్పు. ఎందుకిలా అని ఆమె అడిగింది. వాడుక అంతే అమ్మా అన్నాను. ప్రతిదానికీ కారణం చెప్పేవాడిని నేను పెద్దగా నమ్మను.

ఊనిక గురించి కూడా చెప్పాను. హిమ్, మీ లాంటి చిన్న సర్వనామం వెనక ఉంటే, వేట అర్థంలో బరువు ఎక్కువగా ఆఫ్టర్ మీద పడుతుంది. "నాకంటే తర్వాత" అని కాలం చెప్పేటప్పుడు బరువు ‘మీ’ మీదికి జరుగుతుంది. మాకు ఇది చాలా కష్టమైంది. తెలుగు నోరు ప్రతి అక్షరానికీ సమానంగా న్యాయం చేస్తుంది, ఒకదాన్ని ఎత్తి ఒకదాన్ని మింగడం దానికి అలవాటు లేదు. ఆమె ఇప్పటికీ అన్నిటినీ ఒకే బరువుతో పలుకుతుంది. ఆ విషయంలో నేను ఓడిపోయానని రాసుకోవాలి. అందుకే చివరికి దొడ్డిదారి చెప్పాను: మనుషుల విషయంలో కాలం చెప్పాల్సి వస్తే ‘కేమ్’ ముట్టుకోవద్దు, "హీ జాయిన్డ్ ఎ మంత్ లేటర్" అను, గొడవ లేదు.

ఎవరు ఎవరి వెంట

వాడుక నేర్పడానికి నాలుగు క్లాసులు పట్టాయి, అన్నిటికన్నా ఆనందంగా గడిచినవీ అవే.

ఇంటి నుంచి మొదలుపెట్టాం. వాళ్ళక్క కొడుకు మూడేళ్ళవాడు, పప్పన్నం ప్లేటు పట్టుకుని ఇల్లంతా వాడి వెనకాల తిరగాలి. "మై సిస్టర్ రన్స్ ఆఫ్టర్ హిమ్ విత్ ది ప్లేట్". ఇక్కడ పరుగు నిజం పరుగే కాబట్టి ‘రన్’. డబ్బు వెనక పరుగెత్తడం అన్నప్పుడు మనమూ వాళ్ళూ ఒకే బొమ్మ గీస్తాం, "రన్నింగ్ ఆఫ్టర్ మనీ". ‘చేజ్ ఆఫ్టర్’ కూడా ఇలాంటిదే.

తర్వాత ఆమె తన కుల ధ్రువీకరణ పత్రం కథ చెప్పింది. ఇంగ్లీషులో చెప్పమంటే "ఐ రోమ్డ్ అరౌండ్ ది ఆఫీస్ ఫర్ టూ మంత్స్" అంది. మన వాళ్ళ ఇంగ్లీషులో ‘రోమింగ్’ ఎందుకంత ఎక్కువో నాకప్పుడు వెలిగింది. మనకి ఆఫీసు పని వెంట పడేది కాదు, చుట్టూ తిరిగేది. కాళ్ళరిగేలా తిరుగుతాం. గుడి చుట్టూ తిరిగినట్టే ఆఫీసు చుట్టూ ప్రదక్షిణం. కానీ ఇంగ్లీషువాడికి రోమ్ అంటే పనీపాటా లేకుండా తిరగడం. ఆమె రెండు నెలలు ఆ ఆవరణలో షికారు చేసిందనుకుంటాడు. "ఐ హ్యాడ్ టు రన్ ఆఫ్టర్ ది క్లర్క్స్ ఫర్ టూ మంత్స్" అంటే ఆ అలుపు వినిపిస్తుంది.

గో ఆఫ్టర్‌లో పరుగు ఉండాల్సిన అవసరం లేదని చెప్పడానికి యువరాజ్ దగ్గరికి తిరిగి వెళ్ళాం. 2007 సెప్టెంబర్ 19, డర్బన్, టీ20 ప్రపంచకప్, స్టువర్ట్ బ్రాడ్ వేసిన ఒకే ఓవర్లో ఆరు సిక్సర్లు. ఆమె అన్నయ్య ఆ వీడియో ఇప్పటికీ చూస్తుంటాడట. "కానీ సార్, యువరాజ్ క్రీజులోనే ఉన్నాడు కదా, బ్రాడ్ వెనక పరుగెత్తలేదు కదా?" అదే చెప్పాలనుకున్నది. ఈ వాడుకలో గో ఆఫ్టర్ అంటే గురిపెట్టి విరుచుకుపడటం. క్రికెట్ కామెంటరీలో బ్యాటర్ ఒక బౌలర్ని ఎంచుకుని బాదడం మొదలుపెట్టగానే ఈ మాట వస్తుంది. మన కామెంటేటర్లయితే ‘టార్గెట్ చేశాడు’ అంటారు, కుర్రాళ్ళు ‘ఉతికాడు’ అంటారు. రెండూ సరిపోతాయి.

క్రికెట్ అన్నాక ఇంకోటి కూడా. వాళ్ళు స్కోరుని చేజ్ చేస్తారు, తరుముతారు. మన పత్రికలు మాత్రం ‘లక్ష్య ఛేదన’ అంటాయి. ఛేదించడమంటే కొట్టి ముక్కలు చేయడం. ఒకే ఆట, వాళ్ళకి పరుగుపందెం, మనకి మత్స్యయంత్రం. ఏది మెరుగో చెప్పలేను కానీ నాకు మనదే ఇష్టం.

చట్టం వెంటపడటానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అల్ కాపోన్. షికాగో ముఠా నాయకుడు, చేతికి ఎంత నెత్తురంటినా కేసు నిలవలేదు. చివరికి అమెరికా ప్రభుత్వం ఆదాయపు పన్ను ఎగవేత మీద పట్టుకుంది, 1931లో పదకొండేళ్ళ శిక్ష పడింది. "ది గవర్నమెంట్ వెంట్ ఆఫ్టర్ హిమ్ ఫర్ ట్యాక్స్ ఇవేజన్". ఎందుకు వెంటపడ్డారో చెప్పడానికి ‘ఫర్’ పెడతామని ఈ వాక్యంతోనే నేర్పుతాను. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ పరుగెత్తలేదు, గుమాస్తాలు కూర్చుని లెక్కలు చూశారు. అయినా వేట వేటే.

ఇక మూడో రంగు, ఉద్యోగం, అవకాశం లాంటివి. "ఇఫ్ యూ వాంట్ దట్ జాబ్, గో ఆఫ్టర్ ఇట్". ఇందులో దాడి లేదు, పట్టుదల ఉంది. పట్టు వదలని విక్రమార్కుడి సంగతన్నమాట. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది, మోటివేషన్ వీడియోలు చూసే వయసే కదా.

గో, కమ్‌ల తేడా మాత్రం మనకి పుట్టుకతో తెలుసు. వేట ఎదుటివాడి వైపు పోతే గో, మన మీదికి వస్తే కమ్. కుక్క నా మీదికి ‘వచ్చింది’ అంటాం గానీ ‘వెళ్ళింది’ అనం కదా. ఆ లెక్కన ఆమె అన్న ‘కేమ్ ఆఫ్టర్ మీ’ వేట అర్థంలో వ్యాకరణానికి అణువంతైనా తేడా లేని వాక్యం. అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

మందు వికటించింది

ఏ మాటైనా కొత్తగా నేర్చుకున్నవాళ్ళు కొన్నాళ్ళు దాన్ని అన్ని కూరల్లో వేస్తారు. ఒకరోజు పంపబోయే మెయిల్ నాకు చూపించింది, మంచిపని చేసింది. అందులో "ఐ విల్ గో ఆఫ్టర్ ది డెవలపర్ ఫర్ ది ఫిక్స్" అని ఉంది. ఆమె ఉద్దేశం, డెవలపర్ వెంటపడి ఆ బగ్ సరిచేయిస్తానని. చదివినవాడికి మాత్రం ఆ డెవలపర్ అంతు చూస్తానన్నట్టు ఉంటుంది. ఒకసారి జరిగింది చాలదా!

ఇక్కడ నాకు తట్టిన సూత్రం, ఇది ఏ పుస్తకంలోదీ కాదు, నా తరగతి గదిలోది: గో ఆఫ్టర్ వెనక వస్తువు వస్తే అది ప్రయత్నం, మనిషి వస్తే జాగ్రత్త. "లెట్స్ గో ఆఫ్టర్ దిస్ బగ్" బాగుంది. డెవలపర్ అయితే బాగాలేదు. కంపెనీలు పెద్ద క్లయింట్ల కోసం, మంచి ఉద్యోగుల కోసం గో ఆఫ్టర్ అవుతాయి, అది మినహాయింపు, అక్కడ మనిషి కూడా గెలుచుకునే వస్తువే. తోటి ఉద్యోగిని గుర్తుచేసి పని చేయించుకోవడానికి మనందరికీ తెలిసిన ‘ఫాలో అప్’ ఉండనే ఉంది. "ఐ విల్ ఫాలో అప్ విత్ ది డెవలపర్". బ్రిటన్ వాళ్ళయితే పేమెంట్లకీ, పెండింగ్ పనులకీ ‘చేజ్ అప్’ అంటారు. అమెరికా క్లయింట్‌కి ఫాలో అప్ చాలు. ఆ ‘విత్’ మర్చిపోకూడదు. "ఫాలో అప్ ది డెవలపర్" అని మన ఆఫీసుల్లో రోజూ వినిపిస్తుంది.

‘బీ ఆఫ్టర్’ని చివర్లో చెప్పాను. "వాట్ ఆర్ యూ ఆఫ్టర్?" అంటే నీకేం కావాలి, నువ్వు దేనికోసం చూస్తున్నావ్ అని. ఇందులో కదలిక కూడా లేదు, ఉత్త కోరిక. మొదటిరోజు కాగితం మీద దీన్ని చూసి "నువ్వు తర్వాత ఏంటి" అని చెప్పిన అమ్మాయి, ఈసారి "ఏం కావాలి నీకు" అని విసుగు గొంతుతో చెప్పింది. ఆ విసుగు కూడా సరైనదే, గొంతుని బట్టి అది మర్యాదా కాగలదు, నిలదీతా కాగలదు.

తర్వాత

క్లయింట్‌కి ఆమె రెండు వాక్యాల మెయిల్ రాసింది. లీడ్ తనకంటే ఒక నెల తర్వాత చేరాడనీ, ఆ రోజు తను చెప్పదలచుకున్నది అదేననీ. సాకులు, క్షమాపణలు పెట్టవద్దన్నాను. అటునుంచి నవ్వు బొమ్మతో జవాబు వచ్చింది. లీడ్‌తో మాటలు కలిశాయి గానీ మునుపటి చనువు రాలేదట. అది ఇంగ్లీషు మాస్టారు తీర్చే సమస్య కాదు.

దుష్ఫలితం ఒకటి మిగిలింది. కొన్ని వారాలపాటు కాల్స్‌లో ఆమె అసలు ఆఫ్టర్ అనే మాటే వాడలేదు. "ఆఫ్టర్ లంచ్" అనాల్సిన చోట కూడా "లంచ్ ఫినిష్, దెన్" అనేదట. పాముని చూసినవాడు తాడుని కూడా దాటడు కదా. నేను పోగొట్టాల్సింది తప్పుని, భయాన్ని ఇచ్చానేమో అనిపించింది. తర్వాతి బ్యాచ్‌లో అందుకే వరస మార్చాను. ‘గో ఆఫ్టర్ = పర్స్యూ’ బోర్డు ఎక్కడం లేదు. వెంట వెళ్ళడం, వెంట పడటంతో మొదలుపెట్టి, కుక్క, పప్పన్నం, యువరాజ్, ఆ తర్వాతే ఈ ‘కేమ్ ఆఫ్టర్ మీ’ కథ చెబుతున్నాను, పేరు చెప్పకుండా, ఆమెని అడిగే.

ఆమె కోర్సు అయిపోయిన మూడు నెలలకి రాత్రి పదింటికి ఫోన్ చేసింది.

"సార్, ఇవాళ కాల్‌లో క్లయింట్ మేనేజర్ అడిగాడు సార్, ఈ ఏడాది నీ గోల్స్ ఏంటి, ‘సో, వాట్ ఆర్ యూ ఆఫ్టర్?’ అని. నాకు వెంటనే అర్థమైంది సార్!"

"శభాష్. ఏం చెప్పావ్?"

"ఐయామ్ ఆఫ్టర్ ది లీడ్ రోల్ అన్నా సార్."

"బాగుందమ్మా, వాక్యం కరెక్టే."

"కరెక్టే సార్. కానీ మా లీడ్ కూడా కాల్‌లోనే ఉన్నాడు."